కనబడని రొమ్ము కేన్సరు: చంకలోని బిళ్ళను గూర్చి



పురాణ కాలక్షేపమునకు, పద్యపఠనమునకు అలవాటుపడిన వేదిక మీద రోగమును గూర్చిన ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. అందును స్త్రీల రొమ్మును గూర్చి నలుగురిలో మాటలాడుట మర్యాదయా యని మరికొందరు ముఖము త్రిప్పుకొనవచ్చును. ఆ ముఖము త్రిప్పుకొనుటయే ఈ రోగమునకు పెద్ద బలము. బిడ్డకు పాలిచ్చి పెంచు అవయవమును గూర్చి చెప్పుకొనుటకు సిగ్గుపడవలసిన పని లేదు. సిగ్గుచేత మాట దాచినందువలన ఇల్లాలిని పోగొట్టుకొన్న ఇండ్లు ఏ గ్రామమునకు పోయినను కానవచ్చును.

రొమ్ము కేన్సరనగా రొమ్ములో గడ్డ యని అందరు నెరుగుదురు. పూర్వులు రాచపుండని భయపడినదియు దీనినే. కాని రొమ్ములో ఏ గడ్డయు చేతికి తగులక, చర్మము మీద ఏ మార్పును లేక, చంకలో ఒక బిళ్ళగా మాత్రమే బయటపడు రొమ్ము కేన్సరు ఒకటి కలదు. వైద్యులు దీనిని గుప్త కేన్సరని వ్యవహరింతురు. అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయమునకు చెందిన శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ 1907లో ఇట్టి రోగిణులను గూర్చి వ్రాసెను. మొదట చంకలో మాత్రమే రోగము కనబడి, కొంతకాలము గడచిన పిమ్మట గాని రొమ్ములోని మూలము బయటపడని స్త్రీలు వారు.

రొమ్ము కేన్సరు వచ్చిన ప్రతి వేయిమందిలో ఇట్టివారు ముగ్గురు మొదలు పదిమంది వరకు ఉందురని వైద్యుల లెక్క. ఇది స్వల్పమని త్రోసివేయుటకు ముందు లెక్క పూర్తిగా కట్టి చూడవలెను. 2022వ సంవత్సరమున భారతదేశమున క్రొత్తగా రొమ్ము కేన్సరు బయటపడిన స్త్రీలు సుమారు 1,92,000 మంది యని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ అంచనా. దానిని పై పాలితో గుణించినచో దాదాపు 600 మొదలు 1,900 వరకు తేలును. ఇది వట్టి గుణకారమే గాని తలలు లెక్కించి చెప్పినది కాదు. అయినను ఒక పెద్ద గ్రామములోని స్త్రీలందరితో సమానమైన సంఖ్య యిది. వీరిలో ప్రతియొక్కరును తన రొమ్ము బాగుగనే యున్నదని నమ్మియుండిన మనిషి.

ఇది ఎట్లు జరుగునో తెలిసికొనుటకు చంకకును రొమ్మునకును గల సంబంధమును తెలియవలెను. దేహమున రక్తనాళములతోబాటు మరియొక సన్నని కాలువల వ్యవస్థ కలదు. అందు ప్రవహించు పలుచని ద్రవమును శోషరసమందురు. పొలములలోని మిగులు నీరు బోదెలగుండ పారి ఒక కుంటలో చేరునట్లు, రొమ్ములోని శోషరసములో అధిక భాగము చంకలోని చిన్న చిన్న గ్రంథులకు చేరును. ఈ గ్రంథులు చిక్కుడు గింజలవలె ఉండి, వచ్చిన ద్రవమును వడగట్టుచుండును. రొమ్ములో పుట్టిన కేన్సరు కణములు కొన్ని ఆ కాలువ వెంబడి కొట్టుకొని వచ్చి, గ్రంథిలో చిక్కి, అక్కడనే పెరుగును. పుట్టినచోట ఆవగింజంత యుండి, చేరినచోట రేగుపండంత యగును. కొందరిలో మూలము అత్యల్పమగుటచే చేతికి గాని యంత్రమునకు గాని అందదు. కొందరిలో రొమ్ము కండ దట్టమగుటచే అందులో మరుగుపడును. రొమ్ముకండ తోకవలె చంకలోనికి కొంత చొచ్చుకొనియుండును గనుక, ఒక్కొక్కప్పుడు ఆ తోకలోనే మూలము దాగియుండుటయు కలదు.

ఆయుర్వేదము చదివిన వారికి ఇచ్చట ఒక విషయము జ్ఞప్తికి రావచ్చును. సుశ్రుత సంహితలో నిదానస్థానము పదునొకండవ అధ్యాయమున గ్రంథి, అపచి, అర్బుదము, గలగండము అను నాలుగింటిని ఒక్కచోటనే చెప్పినారు. అపచి పుట్టు తావులను పేర్కొనునప్పుడు దవడ, మెడ, గొంతులతోబాటు కక్షము, అనగా చంకయు చెప్పబడినది. అర్బుదము చీముపట్టి పండదనియు, ఒకచోట ఉన్నదాని వెంట మరియొకటి పుట్టినచో అది ద్విరర్బుదమనియు, అట్టిది అసాధ్యమనియు ఆ గ్రంథము తెలుపుచున్నది. చికిత్సాస్థానమున, కోసినప్పుడు శేషము మిగిల్చినచో అర్బుదము మరల వచ్చునను హెచ్చరికయు కలదు. వట్టి చేతితోను కంటితోను ఇంత కనిపెట్టిన ఆ పెద్దల సూక్ష్మదృష్టికి నమస్కరింపవలసినదే. కాని సర్వమును మన గ్రంథములలోనే యున్నదను వాదము ఇచ్చట నిలువదు. చంకలోని బిళ్ళ రొమ్ములోని కణముతో పుట్టినదని చెప్పుటకు సూక్ష్మదర్శిని కావలయును. ద్విరర్బుదము అసాధ్యమనుట ఆ కాలమునకు సత్యము; నేటి కాలమునకు కాదు.

ఇక జహీరాబాదు ప్రాంతపు సంగతి. చెరకు కోతలకు, కలుపులకు పోవు స్త్రీల చేతులు ఎల్లప్పుడును గాయములతోనే యుండును. చెరకు ఆకు అంచు కత్తివంటిది. కొడవలి తగులుట, ముల్లు గ్రుచ్చుకొనుట నిత్యకృత్యము. చేతికి గాయమై చీముపట్టినప్పుడు అదే వైపు చంకలో బిళ్ళ కట్టుట సహజము. అట్టి బిళ్ళ నొప్పి పెట్టును, ముట్టుకొన్న వేడిగా నుండును, గాయము మానిన పిమ్మట రెండు మూడు వారములలో కరిగిపోవును. దానికి భయపడవలదు. నొప్పి లేక, గట్టిగా రాయివలె నుండి, మూడు వారములైనను తగ్గక, నానాటికి పెరుగుచుండు బిళ్ళ వేరు. నొప్పి లేదు గదాయని ఊరకుండుటయే అందరు చేయు పొరపాటు. నొప్పి యున్న బిళ్ళను చూపించుకొనుటకు పరుగెత్తుదురు. నొప్పి లేని దానిని రవికె క్రింద దాచి సంవత్సరములు గడుపుదురు.

కూలికి పోవు నలుబదియైదేండ్ల ఇల్లాలినొకతెను ఊహించుకొందము. స్నానము చేయునప్పుడు చంకలో గింజవంటిది తగిలినది. అత్తతో చెప్పినది, వేడి చేసినదని అత్త ఏదో ఆకు నూరి కట్టినది. రెండు నెలలకు గింజ నిమ్మకాయ యైనది. భర్తతో చెప్పుటకు వెరచినది. పిదప ఎవరో వైద్యుడు చూచి, రొమ్మును తడిమి ఏమియు లేదని, ఇది క్షయబిళ్ళ యని ఆరు నెలల మాత్రలు వ్రాసినాడు. మన దేశమున చంకలోను మెడలోను బిళ్ళలు కట్టుటకు క్షయ ముఖ్య కారణములలో ఒకటి. అందువలననే మోసపోవుట సులభము. బిళ్ళనుండి సూదితో కొంచెము తీసి పరీక్షింపక క్షయ యని తీర్పు చెప్పి మందు మొదలుపెట్టుట, సాక్షిని విచారింపక డిక్రీ ఇచ్చుట వంటిది. ఆ ఆరు నెలలు రోగము ఊరకుండదు.

సూది గ్రుచ్చిన రోగము ప్రాకునని ఒక భయము ఊరూర వ్యాపించియున్నది. కదిపిన కొలది పెరుగునని పెద్దలు చెప్పుదురు. రోగము ముదిరిన పిమ్మట ఆసుపత్రికి పోయినవారు సూది పరీక్ష జరిగిన కొలదికాలమునకే మరణించుట చూచి ఈ మాట పుట్టియుండును. మరణమునకు కారణము ఆలస్యము. నింద మాత్రము సూది మీద పడినది. వాతలు పెట్టించుట, పసరు పోయించుట చేత మాత్రము నిజముగనే హాని కలుగును. పుండుపడిన చంకను పరీక్షించుటయు కష్టమే, కోయుటయు కష్టమే.

ఇంకొక తప్పు చదువుకొన్నవారును చేయుదురు. చిన్న బిళ్ళయే గదాయని ఏదో ఒకచోట కోయించి తీసివేయించి, ఆ ముక్కను పరీక్షకు పంపక పారవేయుదురు. దానితో రోగమునకు గల ఒకే ఒక సాక్ష్యము పోయినట్లే. తీసిన ముక్క ఎంత చిన్నదైనను పరీక్షాగారమునకు పోవలెను. అచ్చట దానిని మైనములో పోసి దిమ్మగా భద్రపరతురు. ఆ దిమ్మ, గాజు పలకలు, వ్రాతపూర్వకమైన ఫలితములు, తేదీలతోకూడ పట్టా కాగితములవలె ఇంటిలో జాగ్రత్త చేయవలెను. ఆసుపత్రి మారినప్పుడు ఆ కాగితముల కట్టయే రోగి నోరు.

సరియైన మార్గమున పోయినచో జరుగు విధానము ఇది. వైద్యులు మొదట రెండు రొమ్ములను, రెండు చంకలను, మెడను తడిమి చూతురు. పిమ్మట మామోగ్రామ్ అను ఎక్స్‌రే తీయుదురు. రాంట్‌జెన్ పండితుడు ఎక్స్‌రే కిరణములను 1895లో కనుగొనగా, 1913లో బెర్లినునందు సాలమన్ అను శస్త్రవైద్యుడు కోసి తీసిన రొమ్ములను ఆ కిరణములతో పరిశీలించి ఈ విద్యకు నాంది పలికెను. దానితోబాటు శబ్దతరంగములతో చూచు అల్ట్రాసౌండు చేయుదురు. చంకలోని బిళ్ళనుండి లావు సూదితో సన్నని కండ ముక్కను తీయుదురు. దీనినే బయాప్సీ యందురు. మత్తుమందు ఇచ్చియే చేయుదురు గనుక బాధ అల్పము.

ఇచ్చటనే అసలైన చిక్కు వచ్చును. బిళ్ళలో కేన్సరు కణములు కనబడినవి. మామోగ్రామ్‌లో రొమ్ము శుభ్రముగా నున్నది. ఈ కణములు ఎవరివి? పహాణీలో సాగు కనబడుచున్నది. సాగుచేయు మనిషి ఊరిలో లేడు. అట్టి సందర్భమున గుమాస్తా ఏమి చేయును? పాత పట్టాలు తీయును, వారసత్వము విచారించును, సరిహద్దు గట్లు చూచును. పరీక్షాగారమున వైద్యులును అదే చేయుదురు. బిళ్ళ ముక్కను కాగితముకన్న పలుచని పొరలుగా కోసి, వేర్వేరు రంగు పరీక్షలు చేయుదురు. కణము తాను పుట్టిన ఇంటి గుర్తులను కొంతవరకు వెంట తెచ్చుకొనును. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ అను స్త్రీ హార్మోనులను గ్రహించు గ్రాహకములు ఉన్నవా, గాటా-3 అను మాంసకృత్తు ఉన్నదా, హెర్-2 అధికముగా నున్నదా యని చూతురు. ఊపిరితిత్తులు, థైరాయిడు, జీర్ణకోశము, చర్మముపై పుట్టు నల్లమచ్చ కేన్సరు మొదలైనవియు చంకకు రావచ్చును గనుక వాటి గుర్తులనుకూడ వెదకి త్రోసివేయుదురు. స్త్రీ చంకలోని కేన్సరుకు రొమ్మే మొదట అనుమానింపదగిన చోటు. హార్మోను గ్రాహకములు లేనంతమాత్రమున అది రొమ్ముది కాదని చెప్పుటకు వీలులేదు. గ్రాహకములు లేని రొమ్ము కేన్సరులును కలవు.

తరువాత ఎం.ఆర్.ఐ. అను పెద్ద అయస్కాంత యంత్రముతో రొమ్ములను చూతురు. మామోగ్రామ్‌కు అందని మూలము సగముకంటె ఎక్కువమందిలో ఈ యంత్రమునకు దొరకును. దొరికినచో అది ఇక గుప్తము కాదు. దానిని మామూలు రొమ్ము కేన్సరు వలెనే చికిత్స చేయుదురు. అయితే ఈ యంత్రము చూపిన ప్రతి నలుసును కేన్సరు కాదు. అందుచేత అది చూపిన చోటును అల్ట్రాసౌండుతో మరల వెదకి, అచ్చటనుండియు ముక్క తీసి నిర్ధారించిన పిమ్మటనే ముందునకు సాగుదురు. రోగము ఎముకలు, కాలేయము, ఊపిరితిత్తులకు ప్రాకినదో లేదో తెలియుటకు సీ.టీ. గాని పెట్ స్కాను గాని తీయుదురు. ఇంత వెదకినను రొమ్ములో ఏమియు దొరకని వారే నేటి లెక్కలో నిజమైన గుప్త రోగులు.

చికిత్స మాట. పూర్వము, దొరికినను దొరకకున్నను, ఆ వైపు రొమ్మును పూర్తిగా తీసివేయుటయే పద్ధతి. తీసిన రొమ్మును పొరలు పొరలుగా కోసి చూచినప్పుడు కొందరిలో చిన్న మూలము దొరికెడిది. కొందరిలో ఎంత వెదకినను దొరకకుండెడిది. ఏ దోషమును కనబడని రొమ్మును కోసివేయుట న్యాయమా యను ప్రశ్న అప్పుడే పుట్టినది. నేడు రెండు మార్గములు కలవు. ఏది ఎన్నుకొన్నను చంకలోని గ్రంథులను శస్త్రచికిత్సతో తీయుట సాధారణముగా తప్పదు. పిమ్మట రొమ్మును తీసివేయవచ్చును. లేదా రొమ్మును ఉంచి దాని కంతకును రేడియేషన్ కిరణములు పెట్టవచ్చును. రెండు విధములుగా చికిత్స పొందిన వారును ఇంచుమించు సమానముగనే జీవించుచున్నారని అధ్యయనములు తెలుపుచున్నవి. రోగము అరుదైనది గనుక వేలమందిని రెండు వర్గములుగా విభజించి పోల్చిచూచుటకు వీలుపడలేదు. ఉన్నంతలో తేలిన మాట యిది. చంకను మాత్రమే కోసి, ఏమియు కనబడలేదు గదాయని రొమ్మును దాని మానాన విడుచుట మాత్రము మంచిది కాదు. అట్లు విడిచిన వారిలో పలువురికి తరువాత ఆ రొమ్ములోనే రోగము బయటపడినది.

కాగితము మీద రెండు మార్గములును సమానమే. జహీరాబాదునుండి చూచినచో సమానము కావు. రేడియేషన్ వారమునకు అయిదు దినముల చొప్పున మూడు మొదలు అయిదు వారముల వరకు సాగును. హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్ల దూరము. ఒక్కొక్క దినము కొన్ని నిమిషముల చికిత్స. దాని కొరకు దినమంతయు ప్రయాణము, లేదా పట్టణమున బస. ఇంటిలో పిల్లలకు వండువారెవరు, పశువులకు మేత వేయువారెవరు, పోయిన కూలి ఇచ్చువారెవరు? ఈ ప్రశ్నలకు జవాబు దొరకక, రొమ్మును ఉంచుకొనగలిగియు తీసివేయించుకొను స్త్రీలు ఉందురు. ఆమె తెలిసి కోరినచో అది ఆమె ఇష్టము. బస్సు ఛార్జీలు, బస దొరకక అట్లు చేయవలసివచ్చినచో అది ఇష్టము కాదు. చికిత్సా కాలమున ఒక కుటుంబమునకు వంటయు పశువుల పనియు చూచిపెట్టుట ఇరుగుపొరుగువారికి సాధ్యము కాని పని కాదు.

శస్త్రచికిత్సకు ముందు గాని తరువాత గాని అధికభాగము రోగిణులకు మందులచికిత్స, అనగా కీమోథెరపీ, అవసరమగును. రోగము అప్పటికే ఒకచోటనుండి మరియొకచోటికి పయనించినది గదా. ఈ మందుల చరిత్రలో ఒక తెలుగువాని పేరున్నది. 1895 జనవరి 12న భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయి, లెడర్లీ పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లమును గూర్చి పరిశోధన నడిపిరి. ఆ ఆమ్లమునకు విరోధులైన పదార్థములు కేన్సరు కణముల పెరుగుదలను అడ్డగించునని తేలుటతో అమినోప్టెరిన్, దాని వెంట మెథోట్రెక్సేట్ వెలువడినవి. సుబ్బారావుగారు 1948లో న్యూయార్కునందు మరణించిరి. 1951లో జేన్ రైట్ అను నల్లజాతి వైద్యురాలు మెథోట్రెక్సేట్ రొమ్ము కేన్సరుపైకూడ పనిచేయునని చూపినది. 1976లో ఇటలీలోని మిలాను నగరమున బొనడోన్నా మెథోట్రెక్సేటును మరి రెండు మందులతో కలిపి, శస్త్రచికిత్స జరిగిన రోగిణులకు ఇచ్చి సాధించిన ఫలితములను ప్రకటించెను. నేడు వేరు మందులు ముందునకు వచ్చినను, కోసిన తరువాత మిగిలిన కంటికానరాని శేషమును మందుతో తుడిచివేయవచ్చునను ధైర్యము అప్పుడు కుదిరినదే.

హార్మోను గ్రాహకములున్న కేన్సరుకు టామాక్సిఫెన్ వంటి మాత్రలు అయిదు సంవత్సరములు, కొందరికి పది సంవత్సరములు ఇత్తురు. రోగము తగ్గినదని మధ్యలో మానరాదు. హెర్-2 అధికముగా నున్న వారికి 1998నుండి ట్రాస్టుజుమాబ్ అను మందు కలదు. పూర్వము మిక్కిలి క్రూరమైనదిగా ఎన్నబడిన ఆ రకము నేడు చాలవరకు లొంగుచున్నది. గుప్త కేన్సరు రోగిణులు, చంకలో అంతే రోగముండి రొమ్ములో గడ్డ కనబడువారికంటె అధమస్థితిలో ఉండరు. వారితో సమానముగనో, కొంచెము మేలుగనో ఉందురు. పేరు విని గుండె జారవిడుచుకొనవలసిన పని లేదు.

ఎక్కడికి పోవలెను? జహీరాబాదు 1956 వరకు బీదరు జిల్లాలో నుండి, పిమ్మట మెదకు జిల్లాలో చేరి, 2016నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. జిల్లాలు మారినను ఈ రోగమునకు దారి హైదరాబాదే. అచ్చట నవాబు మెహదీ నవాజ్ జంగుగారి పేర 1955లో వెలసిన ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రి రెడ్ హిల్స్‌లో నున్నది. నందమూరి తారక రామారావుగారి సతీమణి బసవతారకమ్మగారి పేర 2000లో ఆరంభమైన ఆసుపత్రి బంజారా హిల్స్‌లో నున్నది. డాక్టరు రఘురాంగారు తమ తల్లి ఉషాలక్ష్మిగారికి రొమ్ము కేన్సరు వచ్చిన పిమ్మట ఆమె పేర 2007లో రొమ్మువ్యాధులకే ప్రత్యేకమైన కేంద్రమును స్థాపించిరి. తల్లికి వచ్చిన రోగమును దాచక నలుగురికి చెప్పిన ఆ కుటుంబము చేసిన మేలు కొలువరానిది. 2007లో ఉమ్మడి రాష్ట్రమున మొదలైన ఆరోగ్యశ్రీ క్రింద తెలంగాణలో 2023 డిసెంబరునుండి కుటుంబమునకు ఏటా 10 లక్షల రూపాయల వరకు చికిత్సకు అవకాశము కల్పించిరి. ముందుగా ఊరి ఆశా కార్యకర్తకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గాని చెప్పినచో దారి వారు చూపుదురు.

ఈ ప్రాంతపు స్త్రీలకు మాటలాడుట రాదనుకొనుట పొరపాటు. మాచునూరులో 2008నుండి దళిత మహిళలు తమ రేడియోలో విత్తనములను గూర్చి, పంటలను గూర్చి, పాటలతో ఊరూరికి చెప్పినారు. జొన్న విత్తనమును గూర్చి అంత ధైర్యముగా చెప్పగలిగిన గొంతులు చంకలోని గింజను గూర్చి చెప్పలేవా? నెలకొకమారు స్నానవేళ రొమ్ములతోబాటు చంకలనుకూడ వ్రేళ్ళతో తడిమి చూచుకొనవలెను. పురుషులకును ఈ రోగము అరుదుగా వచ్చును గనుక వారును చంకలోని బిళ్ళను అలక్ష్యము చేయరాదు.

చికిత్స ముగిసినవారు మొదటి కొన్ని సంవత్సరములు వైద్యులు చెప్పిన గడువు తప్పక పరీక్షకు పోవలెను. రొమ్మును ఉంచుకొన్నవారు ఏటేట మామోగ్రామ్ తీయించుకొనవలెను. చంక గ్రంథులు తీసిన చేతికి వాపు రావచ్చును; వైద్యులు నేర్పిన చేతి వ్యాయామములు మానరాదు. చెరకు కోతకు మరల పోవునప్పుడు ఆ చేతికి మందపు తొడుగు వేసికొనవలెను. ఆకు కోసినను, ముల్లు గ్రుచ్చుకొన్నను ఆ దినముననే కడిగి మందు రాయవలెను. చేయి ఎర్రబడి వేడెక్కినచో మరుసటి సంతకు ఆగక ఆసుపత్రికి పోవలెను.